సీఎన్‌జీ అద్దె కారు: డిక్కీ తెరిచి చూశాకే తాళం తీసుకోండి

నాలుగేళ్ళుగా మాది ఒకటే పద్ధతి. దసరాకో వేసవికో బరంపురం నుంచి రైల్లో భువనేశ్వర్, అక్కడి నుంచి చవక విమానం, దిగిన ఊళ్ళో సెల్ఫ్ డ్రైవ్ కారు. విమానాల మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. కోపమంతా ఒక్కదాని మీదే: సీఎన్‌జీ కారు డిక్కీ.

మొదట్లో అడిగినవాళ్ళందరికీ సీఎన్‌జీయే తీసుకోండని చెప్పాను. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, అప్పుడు చెప్పని షరతులు చాలా ఉన్నాయి. ముందు లెక్క చూడండి. బెంగళూరులో దిగి మైసూరు, ఊటీ చూసి తిరిగొస్తే తిరుగుళ్ళతో కలిపి 700 కిలోమీటర్లు అవుతుంది. పెట్రోలు కారు లీటరుకి 16 ఇస్తే 44 లీటర్లు, లీటరు 102 రూపాయలు అనుకుంటే 4,500. సీఎన్‌జీ కిలోకి 24 ఇస్తే 29 కిలోలు, కిలో 90 అనుకుంటే 2,600. మిగిలేది 1,900. ఈ 1,900 కోసం ఏం వదులుకుంటున్నామో బుకింగ్ చేసేటప్పుడు తెరమీద ఎక్కడా కనపడదు. "హ్యాచ్‌బ్యాక్, ఐదు సీట్లు, రెండు బ్యాగులు" అని ఉంటుంది, అంతే.

విమానంలో మనిషికి 15 కిలోలు, ఒక బ్యాగు. ఒకే పీఎన్‌ఆర్ మీద నలుగురుంటే బరువు కలిపి 60 కిలోలుగా చూస్తారు కాబట్టి, మనవాళ్ళు నాలుగు చిన్న బ్యాగుల బదులు రెండు పెద్ద 28 అంగుళాల సూట్‌కేసులు తీస్తారు. బట్టలు, పిల్లల స్వెట్టర్లు, చుట్టాలకి ఇవ్వాల్సిన బరంపురం అప్పడాలు, ఊరగాయ సీసాలు అన్నీ వాటిలోకే. (కారం ఊరగాయలు చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపుతారు, చెక్-ఇన్‌లోనే వేయాలి.) సూట్‌కేసు 32 కిలోలు దాటకపోతే విమానం దాన్ని మోస్తుంది. డిక్కీ దగ్గరే చిక్కొస్తుంది. 60 లీటర్ల ఇనుప సిలిండర్ సీటు వెనక అడ్డంగా పడుకుని ఉంటుంది. దానికీ వెనక తలుపుకీ మధ్య మిగిలే సందు జానెడు, మహా అయితే జానెడున్నర. 28 అంగుళాల గట్టి సూట్‌కేసు అందులో నిలువుగానూ దిగదు, అడ్డంగానూ దిగదు. సిలిండర్ మీద పెడితే వెనక అద్దం మూసుకుపోతుంది, బ్రేకు వేసినప్పుడు పిల్లల తలల మీదికి జారుతుంది. చివరికి ఒక సూట్‌కేసు వెనక సీట్లోకి వస్తుంది, దాని పక్కన ఇద్దరు పిల్లలు, మామ్మ ఒక తుంటి మీద కూర్చుంటారు.

సీఎన్‌జీయే తీసుకోవాల్సి వస్తే సూట్‌కేసు మార్చండి. చక్రాలు లేని మెత్తటి డఫెల్ బ్యాగులు, ఒక్కోటీ సుమారు 55 సెంటీమీటర్ల పొడవు, 12 కిలోలు మించకుండా మనిషికొకటి. సిలిండర్ ముందు రెండు నిలబడతాయి, మిగతావి కాళ్ళ దగ్గరికి పోతాయి. సిలిండర్ చివర చేత్తో తిప్పే వాల్వ్ ఉంటుంది. దాని మీద మాత్రం ఏ బ్యాగూ నొక్కుకోకూడదు. గ్యాస్ వాసన వస్తే కారు ఆపి, అందరినీ దింపి, ముందుగా అందుకోవాల్సింది అదే.

ఇక అసలు సంగతి, స్టెప్నీ, అంటే అదనపు టైరు.

మైసూరు నుంచి ఊటీ వెళ్తుంటే, గుండ్లుపేట దాటి బందీపూర్ అడవి చెక్‌పోస్టు ఇంకా ఓ పది కిలోమీటర్లు ఉందనగా వెనక ఎడమ టైరు గాలి దిగిపోయింది. సాయంత్రం ఐదున్నర. ఆ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, లోపల బండి ఆపడానికి వీల్లేదు. అడవిలోకి వెళ్ళకముందే జరగడం ఒక్కటే కలిసొచ్చింది. డిక్కీ తెరిచి బ్యాగులన్నీ రోడ్డు పక్క కంకర మీద దింపాల్సి వచ్చింది. ఆ కారులో స్టెప్నీ సిలిండర్ పక్కన నిలబెట్టి, గుడ్డ బెల్టుతో బిగించి ఉంది. బెల్టు బకిల్ మట్టి పట్టి బిగుసుకుపోయింది. దాన్ని విప్పడానికే ఇరవై నిమిషాలు. సంచిలో జాకీ ఉంది, వీల్ స్పానర్ ఉంది, జాకీ తిప్పే కడ్డీ మాత్రం లేదు. స్పానర్ కొసనే జాకీ కన్నంలో దూర్చి పావు చుట్టు చొప్పున తిప్పితే కారు లేచింది. టైరు మార్చి కిందికి దింపాక చూస్తే స్టెప్నీ అంచు నేలకి పరుచుకుపోయింది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది. తరవాత గేజి పెట్టి చూస్తే గాలి ఒత్తిడి 14 పీఎస్ఐ. ఉండాల్సింది 33. ఐదుగురు మనుషులు, సామాను వేసుకుని దాని మీద ఒక్క కిలోమీటరు నడిపినా టైరు అంచు కోసుకుపోతుంది.

గుండ్లుపేట నుంచి పంక్చరు మనిషి బైకు మీద చిన్న కంప్రెసర్ తెచ్చి, పాత టైరులోని మేకు లాగి, రబ్బరు పట్టీ దూర్చి గాలి కొట్టాడు. ఆయన పని ఇరవై నిమిషాలు, మొత్తం పోయింది రెండు గంటల పైనే. ఆ రాత్రి ఊటీ గది డబ్బు పోయింది, బస గుండ్లుపేటలోనే.

ఇలా ఎందుకు జరుగుతుందో తరవాత అద్దె బండ్లు చూసుకునే కుర్రాళ్ళని అడిగితే అర్థమైంది. ఏ టైరైనా వాడకపోయినా నెలకి ఒకటి రెండు పీఎస్ఐ పోగొట్టుకుంటుంది. బండి వాపసు రాగానే నాలుగు టైర్లకీ గాలి చూస్తారు. ఐదోది సిలిండర్ పక్కనో కిందో ఇరుక్కుని ఉంటుంది, గాలి గొట్టం అక్కడికి అందదు, బెల్టు విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. పెట్రోలు కారులో చాప ఎత్తితే స్టెప్నీ కనపడుతుంది. సీఎన్‌జీ కారులో దాన్ని పది నెలలుగా ఎవరూ తాకి ఉండకపోవచ్చు.

అందుకే తాళం చేతికిచ్చేటప్పుడు గీతలూ సొట్టలూ ఫోటోలు తీయడం తరవాతి పని. ముందు డిక్కీ తెరవండి. స్టెప్నీ బెల్టు మీరే ఒకసారి విప్పి, మళ్ళీ బిగించండి. గేజితో గాలి చూసి, తక్కువుంటే అక్కడే కొట్టించమనండి. జాకీ, కడ్డీ, స్పానర్, లాగే కొక్కెం, త్రికోణం బోర్డు, ఈ ఐదూ కింద పరిచి ఒక ఫోటో తీసుకోండి. పది నిమిషాల పని, బండి ఇచ్చేవాడు విసుక్కున్నా ఫర్వాలేదు. ఇంటి దగ్గర నుంచి 12 వోల్టుల గాలి పంపు ఒకటి తీసుకెళ్ళండి, కిలో బరువుంటుంది. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే వైరు రకమే కొనండి. లోపల లిథియం బ్యాటరీ ఉన్న రకాన్ని చెక్-ఇన్ బ్యాగులో పెట్టనిస్తారో లేదో విమాన సంస్థని అడగాలి, పవర్ బ్యాంకులనైతే అసలు పెట్టకూడదు. టైరు మార్చేటప్పుడు నట్లు కారు నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేయాలి, మార్చే టైరుకి ఎదురు మూలనున్న చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు బిగించాలి. ఓ 50 కిలోమీటర్లు పోయాక మళ్ళీ ఒకసారి.

కొండ సంగతి. సీఎన్‌జీ మీద చిన్న ఇంజన్ బలం సుమారు ఏడో వంతు తగ్గుతుంది, పైగా గ్యాస్ కిట్ వల్ల కారు 90 కిలోల దాకా బరువెక్కుతుంది. చదునైన హైవే మీద ఇది తెలియదు. గూడలూరు నుంచి ఊటీ ఎక్కేటప్పుడు బాగా తెలుస్తుంది. మలుపు దగ్గర రెండో గేరులోనే నీరసపడి మొదటి గేరు అడుగుతుంది. ఘాట్ మొదలవకముందే స్విచ్ నొక్కి పెట్రోలుకి మార్చుకోవాలి. అందుకు ట్యాంకులో పెట్రోలు ఉండాలి గదా. ముందు తీసుకున్నవాళ్ళంతా గ్యాస్ మీదే నడిపి పెట్రోలు ఒక గీత దగ్గర వదిలేసి ఉంటారు. ఈ కార్లు చాలావరకు పెట్రోలు మీదే స్టార్టవుతాయి. అది అడుగంటితే సిలిండర్ నిండా గ్యాస్ ఉన్నా పొద్దున చలిలో కారు కదలదు. కారు తీసుకోగానే 8 లీటర్ల పెట్రోలు కొట్టించడం నాకు ఖర్చుగా అనిపించదు.

గ్యాస్ నింపడం గురించి రెండు మాటలు. 60 లీటర్ల సిలిండర్లో పట్టేది 8, 9 కిలోలు, అంటే కుటుంబంతో 200 కిలోమీటర్లు. బెంగళూరు విమానాశ్రయం నుంచి ఊటీకి 300 పైనే, కాబట్టి మైసూరులో ఆగక తప్పదు. నింపడానికి ఐదు నిమిషాలే, వరస మాత్రం అరగంట పట్టొచ్చు. నింపేటప్పుడు అందరూ దిగాలి. నిద్రపోతున్న పిల్లని, మోకాళ్ళ నొప్పుల మామ్మని ప్రతిసారీ దింపడం ఎలా ఉంటుందో ఇంటికొకరికి తెలుసు. బంకులో ప్రెషర్ తక్కువుంటే 6 కిలోలే ఎక్కి ఆగిపోతుంది. తీసుకున్నంత గ్యాస్‌తో తిరిగివ్వాలన్న షరతు దగ్గర ఇదే తగువవుతుంది. తీసుకునేటప్పుడు గ్యాస్ లైట్లు ఎన్ని వెలుగుతున్నాయో, పెట్రోలు ముల్లు ఎక్కడుందో ఒకే ఫోటోలో వచ్చేలా తీసుకోండి. చివరి రసీదు పారేయకండి.

మిగతావి క్లుప్తంగా. అద్దె కారుకి నల్ల పలక మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల పలక బండి ఎంత చవకైనా వద్దు, ప్రమాదం జరిగితే బీమా పలకకపోవచ్చు. ఇంకో రాష్ట్రంలోకి వెళ్తుంటే పర్మిట్, పన్ను ఎవరు కట్టాలో ముందే రాతలో అడగండి. ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలోకి వెళ్ళడానికి 2024 మే 7 నుంచి ఈ-పాస్ మొదలైంది, దానికి బండి నంబరు కావాలి. అద్దె యాప్ నంబరు ఇచ్చేది ఆఖరి గంటల్లో. రైల్లోనే పాస్ తీసేద్దామనుకుంటే కుదరదు, విమానం దిగాక తీసుకోవడానికి సమయం ఉంచుకోండి. ఫాస్టాగ్ పనిచేస్తోందో లేదో మొదటి టోల్ ముందే చూసుకోండి. పనిచేయకపోతే యూపీఐతో ఒకటింపావు రెట్లు కట్టాలి.

తిరుగు ప్రయాణంలో విమానం బయలుదేరడానికి గంట ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తారు. కారు అప్పగించే స్థలం తరచూ విమానాశ్రయానికి అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, దానికి ముందు గ్యాస్ వరస ఉంటుంది. బెంగళూరులో అయితే విమానానికి నాలుగు గంటల ముందు కారు చేతులు మారాలన్నది మా లెక్క. పెట్రోలు కారైతే మూడు చాలు. ఈ గంట తేడాని కూడా ఆ 1,900లోంచి తీసేసి చూడండి.

ఇంతా చెప్పి, సీఎన్‌జీ వద్దని అందరికీ చెప్పలేను. మొగుడూ పెళ్ళాం, ఒక పిల్ల, రెండు డఫెల్ బ్యాగులు, చదునైన దారి అయితే ఇప్పటికీ అదే చవక. జంట సిలిండర్లు డిక్కీ అడుగున పెట్టే కార్లు 2023 నుంచి వస్తున్నాయి, అవి దొరికితే సామాను గొడవ చాలావరకు తీరుతుంది. వాటిలో స్టెప్నీ ఎక్కడుందో మాత్రం అడగండి. మేం ఐదుగురం, అందులో ఒక పెద్దావిడ. కొండకైతే ఇక పెట్రోలు సెడాన్, లేదా చివరి వరస మడిచేసిన ఏడు సీట్ల బండి. ఈ దసరాకి మైసూరు దాకానే వెళ్ళాలనుకుంటున్నాం, ఘాట్ లేదు. రోజుకి 500 తేడా వస్తే మళ్ళీ సీఎన్‌జీయే తీసుకుంటామేమో, అదీ బుకింగ్ ముందు డిక్కీ ఫోటో పంపితేనే.