పెద్ద క్లబ్ బెంచా, చిన్న క్లబ్ గోల్‌పోస్టా? కుర్ర కీపర్‌కి ఏది మేలు?

పందొమ్మిదేళ్ల ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌కి కాస్త పేరొచ్చిందంటే రెండు రకాల పిలుపులు వస్తాయి. ఒకటి పెద్ద క్లబ్ నుంచి. రెండో కీపర్‌గానో, మూడో కీపర్‌గానో తీసుకుంటారు. జీతం బాగుంటుంది, కోచ్‌లు, డాక్టర్లు, మైదానాలు అన్నీ మేలురకం. ఆడే అవకాశం మాత్రం దాదాపు ఉండదు. రెండో పిలుపు కింది డివిజన్‌లోని చిన్న క్లబ్‌ది. డబ్బు తక్కువ, పిచ్ గతుకులు, ముందు నిలబడే డిఫెండర్ల మీద పెద్దగా భరోసా పెట్టుకోలేం. అయినా ప్రతి వారం గోల్ అతనిదే. ఈ రెండింటి మధ్య లోన్ అనే మూడో దారి ఉంది: సంతకం పెద్ద క్లబ్‌తో, ఆట మరోచోట.

స్ట్రైకర్‌కి ఈ ఎంపిక ఇంత కఠినంగా ఉండదు. చివరి ఇరవై నిమిషాలకు దింపుతారు, లేదంటే మైదానం అంచు వైపు ఆడిస్తారు. కీపర్‌కి ఉన్నది ఒకే చోటు. అందులో ఉన్నవాడు గాయపడాలి, రెడ్ కార్డ్ తినాలి, లేదా ఫామ్ పూర్తిగా పోగొట్టుకోవాలి. అప్పటిదాకా పక్కవాడికి దారి లేదు. 2014 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో కోస్టారికా మీద అదనపు సమయం చివర్లో నెదర్లాండ్స్ కీపర్‌ని మార్చి టిమ్ క్రుల్‌ని దింపింది. అతను షూటౌట్‌లో, అంటే ఫలితం తేల్చే పెనాల్టీల పోటీలో, రెండు పెనాల్టీలు ఆపాడు. ఇన్నేళ్లయినా జనం ఆ మార్పు గురించి చెప్పుకుంటున్నారంటే అలాంటిది ఎంత అరుదో తెలుస్తుంది.

బెంచి పక్షాన చెప్పుకోవలసింది లేకపోలేదు. కీపర్లు జట్టుతో కాకుండా చాలా భాగం విడిగా, తమ కోచ్ దగ్గర ముగ్గురు నలుగురుగా సాధన చేస్తారు. పెద్ద క్లబ్‌లో రెండో కీపర్‌కి దొరికే శిక్షణ మొదటి కీపర్‌కి దొరికేదే. రోజూ అతని మీదికి షాట్లు కొట్టేది ప్రపంచంలోని మేటి ఫార్వర్డ్‌లు. పైగా ఈ వృత్తిలో వయసు ఆలస్యంగా అడ్డొస్తుంది. ఇటలీ కీపర్ డినో జోఫ్ 40 ఏళ్ల వయసులో 1982 ప్రపంచ కప్ ఎత్తాడు. అదే దేశానికి చెందిన బఫాన్ 2023లో 45 ఏళ్లకు గ్లవ్స్ విప్పాడు. ‘తొందరేముంది, నేర్చుకో’ అనే ఏజెంట్లు చూపించేది ఈ లెక్కే.

ఆ లెక్కలో ఒక ముక్క దాస్తారు. బఫాన్ పార్మా తరఫున మిలాన్ మీద మొదటి లీగ్ మ్యాచ్ ఆడింది 1995లో, 17 ఏళ్లకు. నలభై దాటాక కూడా నిలబెట్టింది ఆ పాతికేళ్లకు పైబడిన మ్యాచ్‌లే.

శిక్షణలో రానిది ఏమిటంటే, నిర్ణయం. పక్కల నుంచి గోల్ ముందుకు బంతి (క్రాస్) వచ్చినప్పుడు గీత వదిలి ముందుకు దూకాలా, ఆగాలా? తొంభయ్యో నిమిషంలో, వర్షంలో, ఇద్దరు స్ట్రైకర్లు మీద పడుతుంటే ఆ నిర్ణయం తీసుకోవడం వేరు, ఖాళీ మైదానంలో కోచ్ విసిరిన బంతికి తీసుకోవడం వేరు. తప్పు చేసిన తర్వాత మిగిలిన డెబ్భై నిమిషాలు ఆడటం అసలైన పాఠం. కాళ్ల సందులోంచి బంతి జారి గోలైతే ప్రేక్షకులు ఎద్దేవా చేస్తారు, డిఫెండర్లు వెనక్కి తిరిగి చూస్తారు, మరుసటి బంతికి చేతులు వణకకూడదు. బెంచి మీద కూర్చున్నవాడికి ఆ వణుకు ఎప్పుడూ రాదు కనుక దాన్ని దాటడం కూడా తెలియదు.

ఇక చిన్న క్లబ్‌లో షాట్లకు కొదవ ఉండదు. సేవ్‌లు, క్రాస్‌లు, డిఫెన్స్‌ని కేకలేసి సర్దడం, అన్నీ వారంలోనే వచ్చిపడతాయి. అయితే అక్కడా ఒక లోపం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. జట్టంతా వెనక కూర్చుని బంతిని దూరంగా తన్నే చోట పెరిగిన కీపర్‌కి కాళ్లతో ఆడటం సరిగా అబ్బదు. పెద్ద జట్టులో పని వేరు: గంటసేపు ఒక్క షాటూ రాదు, పాస్‌లు మాత్రం నిరంతరం ఇవ్వాలి, డిఫెన్స్ వెనక ఉన్న ఖాళీని కాచుకోవాలి. 2019లో గోల్ కిక్‌ని పెనాల్టీ ఏరియాలోనే సహచరుడు అందుకోవచ్చని నియమం మారాక ఈ పని ఇంకా పెరిగింది. జో హార్ట్ ట్రాన్‌మియర్, బ్లాక్‌పూల్, బర్మింగ్‌హామ్‌లలో లోన్ మీద ఆడి మాంచెస్టర్ సిటీకి మొదటి కీపరయ్యాడు, కీపర్లకిచ్చే ప్రీమియర్ లీగ్ గోల్డెన్ గ్లవ్ నాలుగుసార్లు అందుకున్నాడు. 2016లో కొత్త కోచ్ గార్డియోలా వచ్చీ రాగానే అతన్ని పక్కనపెట్టి క్లాడియో బ్రావోని తెచ్చాడు. చేతులకు వంక పెట్టలేదు, అడిగింది కాళ్ల పని.

కాబట్టి చిన్న క్లబ్ అంటే ఏ చిన్న క్లబ్ అన్నది కూడా చూడాలి. కింది డివిజన్‌లోనూ వెనక నుంచి ఆట కట్టే జట్లు ఉంటాయి. కాస్త తక్కువ జీతమైనా అలాంటి చోటే నయం.

బెంచి, చిన్న క్లబ్ దారుల ఫలితాలను ఒకే మ్యాచ్‌లో చూడాలంటే 2022 ఫిబ్రవరిలో వెంబ్లీలో జరిగిన ఇంగ్లండ్ లీగ్ కప్ ఫైనల్ చాలు. చెల్సీ గోల్‌లో ఎడువార్ మెండీ. 2014లో ఫ్రాన్స్ కింది డివిజన్ జట్టు షెర్బూర్‌లో ఒప్పందం ముగిశాక అతను ఏడాదిపాటు ఏ క్లబ్బూ లేకుండా ఉన్నాడు. తర్వాత మార్సెయ్ రిజర్వుల్లో చేరి, రెండో డివిజన్‌లో రేంస్‌కి ఆడి, రెన్ మీదుగా 2020లో చెల్సీ చేరాడు, మరుసటి ఏడాదే చాంపియన్స్ లీగ్ గెలిచాడు. అతని వెనక బెంచి మీద కెపా అరిజబలాగా. 2018లో చెల్సీ 8 కోట్ల యూరోలకు కొన్నది అతన్నే, కీపర్లలో అది రికార్డు ధర. అదనపు సమయం ఆఖర్న మెండీని తీసి, షూటౌట్ కోసమని కెపాని దింపారు. అటువైపు లివర్‌పూల్ గోల్‌లో కీవీన్ కెలెహర్, మొదటి కీపర్ అలీసన్ నీడలో ఎక్కువగా కప్ మ్యాచ్‌లే దొరికిన రెండో కీపర్. పెనాల్టీలు కీపర్ల దాకా వచ్చాయి. కెలెహర్ గోల్ కొట్టాడు, కెపా బంతిని బార్ మీదుగా తన్నాడు. లివర్‌పూల్ 11-10తో గెలిచింది.

ఈ కథ చూసి బెంచే గెలిచిందనుకోకండి. కెలెహర్ కూర్చున్న బెంచి మామూలు బెంచి కాదు. లీగ్ కప్ మ్యాచ్‌లు ఎక్కువగా అతనికే దక్కిన చోటు, అలీసన్ గాయపడినప్పుడు లీగ్ మ్యాచ్‌లూ దొరికిన చోటు. అయినా సొంత గోల్ కోసం అతను 2025లో బ్రెంట్‌ఫర్డ్‌కి వెళ్లాల్సి వచ్చింది, 26 ఏళ్లు నిండాక.

లోన్ విషయానికొస్తే, మంచి లోన్ ఎలా ఉంటుందో తిబో కోర్ట్వాని చూస్తే తెలుస్తుంది. 2011లో చెల్సీ కొని, వెంటనే 19 ఏళ్ల కుర్రాణ్ని అట్లెటికో మాడ్రిడ్‌కి పంపింది. మూడు సీజన్లూ అక్కడ మొదటి కీపర్ అతనే, మూడో ఏడు స్పెయిన్ లీగ్ గెలిచారు. 2014 చాంపియన్స్ లీగ్ సెమీస్‌లో చెల్సీయే ఎదురైంది. తమ మీద ఆడిస్తే డబ్బు కట్టాలన్న షరతు చెల్లదని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఎఫా తేల్చడంతో అతను ఆడాడు, చెల్సీ ఇంటిదారి పట్టింది. ఆ వేసవిలోనే చెల్సీకి తిరిగొచ్చి పీటర్ చెక్ చోటు తీసుకున్నాడు. జోర్డన్ పిక్‌ఫర్డ్ ఇంకా కింద నుంచి వచ్చాడు: 2012లో లోన్ మీద ఐదో శ్రేణి డార్లింగ్‌టన్‌తో మొదలై ఆల్ఫ్రెటన్, బర్టన్, కార్లైల్, బ్రాడ్‌ఫర్డ్, ప్రెస్టన్. 2018 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ గోల్ అతనిదే.

చెడ్డ లోన్ బెంచి కన్నా నష్టం. అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్తినెజ్ 2010లో ఆర్సెనల్‌కి వచ్చి ఆరు క్లబ్బులకు లోన్ మీద తిరిగాడు. స్పెయిన్‌లో గెటాఫేకి వెళ్లినప్పుడు అక్కడా బెంచే. సొంత ఊరు కాదు, భాష తప్ప తోడు లేదు, ఆటా లేదు. పదేళ్ల తర్వాత, 2020 జూన్‌లో ఆర్సెనల్ మొదటి కీపర్ లెనో మోకాలికి గాయమైతేగానీ తలుపు తెరుచుకోలేదు. ఆ వేసవిలో ఎఫ్ఏ కప్, తర్వాత ఆస్టన్ విల్లా, 2022లో ప్రపంచ కప్ ఫైనల్ ఆఖరి క్షణాల్లో కోలో మువానీ షాట్‌కి అడ్డుపెట్టిన ఎడమ కాలు. ఓపికకు ఉదాహరణగా ఈయన్ని చూపిస్తుంటారు. నాకైతే ఇందులో ఓపిక కన్నా అదృష్టమే ఎక్కువ కనిపిస్తుంది. లెనోకి ఆరోజు ఏమీ కాకపోయి ఉంటే?

బెంచి నిజంగా మేలైన ఎంపిక అయ్యేది ముప్పై దాటాక. స్కాట్ కార్సన్ 2019లో సిటీలో చేరాడు. 2025 దాకా ఆడినవి రెండే మ్యాచ్‌లు. కానీ అంతకుముందు వెస్ట్ బ్రామ్, విగన్, డర్బీ వంటి క్లబ్‌లకు వందల మ్యాచ్‌లు ఆడినవాడు, ఇంగ్లండ్ జెర్సీ వేసుకున్నవాడు. క్లబ్‌కి కూడా లాభమే: యూఎఫా జాబితాలో, ప్రీమియర్ లీగ్‌లో స్థానికంగా తయారైన ఆటగాళ్ల కోటా ఉంటుంది, అనుభవమున్న మూడో కీపర్‌తో అందులో ఒక చోటు నిండుతుంది. అదే ఉద్యోగం ఇరవై ఏళ్లవాడు ఒప్పుకుంటే బెంచి మీద కూర్చోవడం తప్ప అతనికి మిగిలేది లేదు.

నన్నడిగితే 23 వరకు గోల్ ఉన్న చోటికే వెళ్లాలి, డివిజన్ ఒకటి రెండు మెట్లు తగ్గినా సరే. పెద్ద క్లబ్ సంతకం దొరికితే లోన్ రాతపూర్వకంగా ఉండాలి, అదీ త్వరగా. ఫిఫా 2024 జూలై నుంచి ఒక క్లబ్ అంతర్జాతీయ లోన్లకు ఆరుగురినే పంపొచ్చని పరిమితి పెట్టింది. సొంతంగా తయారుచేసిన, 21 ఏళ్ల లోపు ఆటగాళ్లకు మినహాయింపు ఉంది కాబట్టి ఆ వయసు దాటితే దారి ఇరుకవుతుంది. 24 నుంచి 28 మధ్య రెండో కీపర్‌గా ఉండిపోవడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే జీతం బాగుంటుంది, కదలబుద్ధి కాదు.

లోన్ కాగితం మీద సంతకం పెట్టేముందు తీసుకునే క్లబ్ మేనేజర్‌ని కాకుండా అక్కడి గోల్‌కీపింగ్ కోచ్‌ని అడగాలి: ఇప్పుడున్న మొదటి కీపర్ ఏమవుతున్నాడు, అమ్ముతున్నారా, ఉంచుకుంటున్నారా? ఉంచుకుంటున్నామంటే ఆ లోన్ వద్దు. జనవరిలో వెనక్కి పిలిచే హక్కు ఎవరి చేతిలో ఉందో కూడా చూసుకోవాలి.