మూడు ట్యూనా డబ్బాలు తెచ్చాను, ఒక్కదాని మీదా సొరచేప ఊసు లేదు

రుచి సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ రివ్యూ దాని గురించి కాదు. మూడూ తినేలా ఉన్నాయి. మొదటిది కాస్త పొడి పొడిగా అయిపోయింది, రెండోది మెత్తగా ఉంది, మూడోది పొరలు పొరలుగా బాగా విడిపోయింది, ఉప్పు మూడింట్లోనూ ఎక్కువే. అంతే. నేను వీటిని ఎంచుకున్నది డబ్బా మీద మాటలు చూసి, కాబట్టి రేటింగ్ కూడా ఆ మాటలకే ఇస్తున్నాను. ట్యూనా కోసం వేసిన వలల్లో, గేలాల్లో సొరలూ రే చేపలూ (టేకు చేపలంటామే, అవి) ఎన్ని పడుతున్నాయో, అవి పడకుండా ఎవరేం చేస్తున్నారో డబ్బా చూసి తెలుసుకోవచ్చా అన్నదే నా ప్రశ్న.

మొదటి డబ్బా మీద గంతేస్తున్న డాల్ఫిన్ బొమ్మ, కింద డాల్ఫిన్ సేఫ్ అని ముద్ర. వెనక్కి తిప్పితే స్కిప్‌జాక్ ట్యూనా, నీళ్లు, ఉప్పు. ఎక్కడ పట్టారో లేదు, దేనితో పట్టారో లేదు. ముద్ర అబద్ధం అనడం లేదు నేను, అది పుట్టిన కథే వేరు. తూర్పు పసిఫిక్‌లో పెద్ద ఎల్లోఫిన్ ట్యూనాలు డాల్ఫిన్ గుంపుల కింద ఈదుతాయి, పైన డాల్ఫిన్లు కనిపిస్తే కింద ట్యూనా ఉన్నట్టే లెక్క, అందుకని ఓడలు డాల్ఫిన్ల చుట్టూనే వల వేసేవి, అలా కొన్ని దశాబ్దాల్లో లక్షల డాల్ఫిన్లు చచ్చిపోయాయి. జనం గట్టిగా అడిగాక 1990లో అమెరికాలో ఈ లేబుల్‌కి చట్టం వచ్చింది. మంచి పనే. కానీ డాల్ఫిన్ల జోలికి పోని ఓడ ట్యూనా పట్టడం మానేయదు కదా, ఇంకో చోటు వెతుక్కుంటుంది. ఆ చోటు చాలాసార్లు తేలే తెప్ప. అక్కడ డాల్ఫిన్లు పెద్దగా ఉండవు, సొరలుంటాయి.

ఈ తెప్పల్ని ఫ్యాడ్ అంటారు. చిన్న తెప్ప, కింద పదుల మీటర్ల పొడవున వేలాడే తాళ్లు, దానికో శాటిలైట్ బోయ్, అంటే ఉపగ్రహం ద్వారా కబురు పంపే తేలే పరికరం. కింద ఎంత చేప చేరిందో బోయ్‌లోని ఎకో సౌండర్ (శబ్ద తరంగాలతో చేపల్ని పసిగట్టేది) ఎక్కడో ఉన్న ఓడకి చెప్పేస్తుంది. నడిసముద్రంలో తేలే వస్తువు ఏదున్నా దాని కిందకి చేపలు చేరతాయి. స్కిప్‌జాక్ చేరుతుంది, దాంతోపాటు సిల్కీ సొర పిల్లలూ చేరతాయి. పర్స్ సీన్ వల చుట్టూ తిప్పి కింద తాడు లాగితే అన్నీ ఒకే సంచిలో పడతాయి. ఆ సంచిలోంచి పెద్ద చేద లాంటి వలతో తోడి డెక్ మీద పోసేసరికి సొరలు టన్నుల ట్యూనా కింద నలిగిపోయి ఉంటాయి. ట్యాగులు కట్టి వదిలి చూసిన పరిశోధనల్లో ఇలా పట్టుబడిన సిల్కీ సొరల్లో 80 శాతం పైనే చచ్చిపోయినట్టు తేలింది. అందుకే 'సొరలు పడితే ప్రాణాలతో వదిలేస్తాం' అని ఏ కంపెనీ వెబ్‌సైట్‌లోనైనా చదివితే నాకు ఒకటే డౌటు, ఏ దశలో వదిలేస్తారు? వల ఇంకా నీళ్లలో ఉండగానా, డెక్ మీద పోశాకా?

ఇంకా ఘోరం వల వేయకుండానే జరిగేది. పాత ఫ్యాడ్‌ల కింద నీడ కోసం పాత వలలు వేలాడదీసేవాళ్లు, వాటిలో సొరలు మొప్పల దగ్గర చిక్కుకుని చచ్చి, కొన్నాళ్లకి జారి కింద పడిపోయేవి. ఓడ వచ్చేసరికి ఏమీ కనిపించదు, ఎవరి లెక్కలోకీ రాదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనం హిందూ మహాసముద్రం ఒక్కదాంట్లోనే ఏడాదికి 4.8 లక్షల నుంచి 9.6 లక్షల సిల్కీ సొరలు ఇలా పోతున్నాయని అంచనా వేసింది. ఈ సమస్యకి మందు మాత్రం చాలా సులువు: వల ముక్క బదులు వట్టి తాడు కట్టడం. ఆ తర్వాత నియమాలూ మారాయి, పసిఫిక్ పడమటి వైపు కూడా 2024 నుంచి ఫ్యాడ్‌లకి వల కట్టకూడదు. ఇది కదా డబ్బా మీద గొప్పగా వేసుకోవాల్సిన విషయం! డాల్ఫిన్ బొమ్మ వేసుకున్నారు. ఐదుకి ఒకటిన్నర.

రెండో డబ్బా వైట్ ట్యూనా, అంటే ఆల్బకోర్. మీద 'బాధ్యతగా పట్టినది' అని ఉంది, ఎలా పట్టారో మాత్రం లేదు. ఆల్బకోర్ అంటే లాంగ్‌లైన్‌తో పట్టింది అయ్యే అవకాశం బాగా ఉంది, గేలాలు లాగుతూ పోయే పడవలవి కూడా ఉంటాయి, అందుకే కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను. రెండే ప్రశ్నలు: లాంగ్‌లైనా కాదా, అయితే గేలం దగ్గర స్టీలు వైరు వాడతారా నైలాన్ వాడతారా. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది. సముద్రాల పట్ల తమ నిబద్ధత గురించి మూడు పేరాలు, నా ప్రశ్నల గురించి ఒక్క అక్షరం లేదు, చివర్లో 'మీ సమస్య పరిష్కారమైందా?' అని స్మైలీ బొమ్మలు. కాలేదండీ.

వైరు గురించి ఎందుకు అడిగానంటే, లాంగ్‌లైన్ అంటే పదుల కిలోమీటర్ల తాడు, దానికి వేలల్లో గేలాలు, ఒక్కో గేలానికి పైన ఒక చిన్న పోగు. ఆ పోగు స్టీలుదైతే సొర కొరికినా తెగదు, నైలాన్‌దైతే చాలాసార్లు పటుక్కున కొరికేసి, నోట్లో గేలంతోనే అయినా, వెళ్లిపోతుంది. అంత చిన్న తేడా. పడమటి, మధ్య పసిఫిక్ ట్యూనా కమిషన్ 2022లో ఆ వైరుని 20 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశాల మధ్య నిషేధించింది, 2024 నుంచి అమలు. గేలం ఆకారం కూడా ముఖ్యమే. గుండ్రంగా లోపలికి తిరిగిన సర్కిల్ హుక్ ఎక్కువగా నోటి మూలన గుచ్చుకుంటుంది, మామూలు జె హుక్‌లా కడుపులోకి దిగదు. అయితే దీన్నేదో మంత్రం అనుకోకండి. మూతి మూలన గుచ్చుకున్న సొరకి తాడు పళ్ల మధ్యకి రాదు, కొరకలేదు, అందుకని కొన్ని చోట్ల సర్కిల్ హుక్‌కి సొరలు ఎక్కువే చిక్కాయి. కాకపోతే ప్రాణాలతో వస్తాయి, సిబ్బంది ఓపిగ్గా కోసి వదిలితే బతుకుతాయి.

కొత్తగా వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది షార్క్‌గార్డ్. గేలం పక్కన తగిలించే చిన్న బ్యాటరీ పరికరం, నీళ్లలో కరెంటు తరంగాలు వదులుతుంది. సొరల మూతి మీద జిగురు నిండిన సన్నటి రంధ్రాలుంటాయి, ఎర తాలూకు సన్నటి విద్యుత్తుని అవి పసిగడతాయి. ఈ పరికరం దగ్గర వాటికి మైకు పెట్టి చెవిలో అరిచినట్టు ఉంటుందేమో, పక్కకి పోతాయి. ట్యూనాకి ఆ జ్ఞానేంద్రియమే లేదు. 2021 వేసవిలో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో లాంగ్‌లైన్ పడవల మీద చేసిన ట్రయల్స్‌లో బ్లూ షార్క్‌లు 91 శాతం, నడిసముద్రపు రే చేపలు 71 శాతం తక్కువ పడ్డాయి. ట్యూనా కూడా కొంత తగ్గింది, అది పరికరం వల్లే అని చెప్పేంత తేడా గణాంకాల్లో తేలలేదు, కానీ కడుపు కాలే పడవ యజమాని ఆ ముక్క దగ్గరే ఆగిపోతాడు, అతన్ని తప్పు పట్టలేం. వేల గేలాలకి వేల పరికరాలు, వాటికి ఛార్జింగ్ అంటే టెన్షనే.

రెండో డబ్బాకి ఒకటి. ఆ అర మార్కు స్మైలీలకి కోశాను.

మూడోదాని అడుగున ఒక కోడ్ ఉంది. సైట్‌లో కొడితే ఓడ పేరు, తేదీలు, ఎఫ్ఏఓ 71 అంటే పడమటి మధ్య పసిఫిక్, పర్స్ సీన్, 'ఫ్యాడ్ లేకుండా' అని వచ్చాయి. ఎంత సంతోషమేసిందో! తెప్పల జోలికి పోకుండా విడిగా ఈదే ట్యూనా గుంపుని చుట్టారన్నమాట, సిల్కీ సొరలు బాగా తక్కువ పడతాయి. ఐదుకి ఐదు వేసేద్దామనుకున్నాను. తర్వాత ఇంకొంచెం చదివితే తెలిసింది, మాంటా, డెవిల్ రేలు చాలా చోట్ల ఎక్కువగా పడేది ఇలా విడి గుంపుల్ని చుట్టినప్పుడేనట. అవి సాధారణంగా ఒక కాన్పుకి ఒక్క పిల్లనే కంటాయి, అదీ ఏడాదికోసారి కచ్చితంగా అనేం లేదు. వందల కిలోల రెక్కల చేప డెక్ మీద పడితే నలుగురు మనుషులు దాన్ని మొప్పల సందుల్లో చేతులు పెట్టి లాగడం పాత పద్ధతి, అలా వదిలితే బతికే ఆశ తక్కువ. దీనికి వచ్చిన చిట్కా చూడండి: డెక్ మీది రంధ్రం పైన పెద్ద గళ్ల జల్లెడ పెడతారు, ట్యూనా గళ్లలోంచి కిందకి జారిపోతుంది, రే పైన ఆగుతుంది, జల్లెడతో సహా క్రేన్‌తో ఎత్తి నిమిషాల్లో సముద్రంలో దించేస్తారు. తూర్పు పసిఫిక్‌లో కొన్ని ఓడలు దీన్ని ప్రయత్నించాయి. నా మూడో డబ్బా ఓడలో జల్లెడ ఉందో లేదో పేజీలో లేదు. ఐదుకి నాలుగు.

ఇంట్లో 'చేప తింటూ చేప మీద జాలేంటి' అన్నారు. 1970 నుంచి నడిసముద్రపు సొరలూ రేలూ 71 శాతం తగ్గిపోయాయని 2021లో నేచర్ పత్రికలో వచ్చింది, ఆ లెక్క చూపించాను, ఊరుకున్నారు.

ఈసారి పోల్ అండ్ లైన్ అని రాసినది వెతుకుతాను, గడకి గేలం కట్టి ఒక్కో చేపా లాగేది, మాల్దీవుల్లో ఎప్పట్నుంచో చేసేది. సొరలు పడటం చాలా తక్కువ. దొరికితే అప్‌డేట్ చేస్తాను. ఇంకో మాట, కోడ్ ఉన్న డబ్బా అయితే మూత తీయకముందే ఫోటో తీసుకోండి. నూనె అంటితే ఆ ఇంకు చెరిగిపోతోంది, నేను రెండు అంకెలు ఊహించి కొట్టాల్సొచ్చింది.