రెండేళ్ళు వాడాక ఎయిర్ ఫ్రయ్యర్: గారెలకు పనికిరాదు, వేపుళ్ళకు వదలను

మా ఇంటికి ఎయిర్ ఫ్రయ్యర్ రావడానికి కారణం నాన్న రక్తపరీక్ష. రిపోర్టు చూసి డాక్టరుగారు నూనె తగ్గించమన్నారు. నాన్న ఇంటికొచ్చి అమ్మతో "అంతా బానే ఉందట" అన్నారు. డాక్టరు ముందు పక్క కుర్చీలో కూర్చున్నది నేను కాబట్టి ఆ పప్పులు ఉడకలేదు. అప్పుడే 2023 దసరా ఆఫర్లు నడుస్తున్నాయి. ఆరున్నర వేలు పెట్టి 4 లీటర్ల బుట్ట ఉన్న 1500 వాట్ల మెషీన్ తెప్పించాను. రెండేళ్ళు దాటింది. వారానికి నాలుగైదు రోజులు తిరుగుతూనే ఉంది. కొనాలా వద్దా అని బంధువులు, ఆఫీసువాళ్ళు అడుగుతూనే ఉన్నారు, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి, ఎందుకంటే జవాబు ఇంటిని బట్టి మారుతుంది. విశాఖలో ఉంటాం. అమ్మా నాన్నా, మేమిద్దరం, ఎనిమిదో తరగతి చదివే పాప, మొత్తం ఐదుగురం. మా ఆవిడ నర్సు. మార్నింగ్ షిఫ్టు ఉంటే ఆరున్నరకే బయల్దేరాలి. అంచేత పొద్దున కూర చేసి బాక్సులు సర్దే పని నాది. మధ్యాహ్నం అన్నంలోకి పప్పో చారో ఉంటే పక్కన వేపుడు ఉండాల్సిందే, లేకపోతే నాన్నకీ పాపకీ ముద్ద దిగదు. ఆదివారం చేప.

పేరులో ఫ్రయ్యర్ ఉంది కదా అని మొదటి ఆదివారమే గారెలు వేశాను. అమ్మ పిండి గట్టిగానే రుబ్బింది. బుట్ట అడుగున జల్లెడలా చిల్లుల పళ్ళెం ఉంటుంది. పిండి ఆ చిల్లుల్లోకి దిగిపోయింది. పైన బెరడు కట్టింది, లోపల పచ్చి వాసన, అడుగున అతుక్కుపోయింది. అట్లకాడతో గీకి తీసినవి పళ్ళెంలో పెడితే అమ్మ ఒకటి కొరికి, "ఒరే, ఇవి గారెలు కావురా, పిడకలు" అని, మిగిలిన పిండి తీసుకుని పొయ్యి మీద మూకుడు పెట్టింది.

తప్పు మెషీన్‌ది కాదు. మూత విప్పి చూస్తే లోపల పెద్ద విశేషమేమీ లేదు: పైన ఒక కాయిల్, దాని మీద ఒక ఫ్యాను. కాయిల్ గాలిని వేడెక్కిస్తుంది, ఫ్యాను దాన్ని బుట్టలో గిరగిరా తిప్పుతుంది. అంటే చిన్న కన్వెక్షన్ ఓవెన్. 2010లో ఫిలిప్స్ వాళ్ళు ఎయిర్‌ఫ్రయ్యర్ పేరుతో మార్కెట్లోకి తెచ్చాక ఆ పేరే అందరి నోటా నిలిచిపోయింది కానీ, ఇది వేయించదు, కాలుస్తుంది. కాగిన నూనె వేడిని అందించినంత వేగంగా గాలి అందించలేదు. నూనెలో పడ్డ గారెకు క్షణాల్లో పైపొర గట్టిపడి ఆకారం నిలుస్తుంది. గాలిలో ఆ పొర కట్టేలోపే పిండి జారిపోతుంది. కాబట్టి బజ్జీ, పునుగు, బోండా, జారుడు పిండితో చేసేది ఏదైనా సరే, దీని దగ్గరికి తేకండి. పూరీ పెడితే అప్పడంలాగా బిరుసెక్కింది. సగ్గుబియ్యం వడియాలు నూనెలో పువ్వుల్లా విచ్చుకుంటాయి, ఇందులో రాళ్ళలాగే ఉండిపోయాయి. మసాలా వడ పిండి గట్టిది కాబట్టి పైన నూనె రాసి పెడితే ఆకారం వచ్చింది. పాప "బిస్కెట్ బావుంది నాన్నా" అంది. పొగిడిందో వెక్కిరించిందో ఇప్పటికీ తెలీదు.

ఆ వారం తర్వాత నెల రోజులు అది మైక్రోవేవ్ పక్కన బట్ట కప్పుకుని కూర్చుంది. చాలా ఇళ్ళల్లో దీని కథ ఇక్కడే ముగుస్తుందనుకుంటాను.

మాకు మలుపు బెండకాయ దగ్గర వచ్చింది. బెండకాయ వేపుడు చేసేవాళ్ళకి తెలుసు: జిగురు పోయేదాకా కడాయి దగ్గరే ఉండాలి, కలుపుతూ ఉండాలి, ఎక్కువ కలిపితే ముక్క చితుకుతుంది, నూనె తగ్గిస్తే అడుగంటుతుంది. పొద్దున ఐదున్నరకి విశాఖ ఉక్కపోతలో పాతిక నిమిషాలు పొయ్యి ముందు నిలబడటమంటే స్నానం చేసిన ఫలితం పోతుంది. ఇందులో ఎలా చేస్తానంటే, కాయలు రాత్రే కడిగి, బట్టతో తుడిచి ఆరబెడతాను. పొద్దున అంగుళంలో సగం మందాన తరిగి, ఒకటిన్నర టీస్పూన్ల నూనె వేసి చేత్తో ముక్కముక్కకీ పట్టిస్తాను. ఉప్పు వేయను. ఉప్పు ముందే వేస్తే నీరు వదిలి ముక్కలు ఉడికినట్టవుతాయి. 180 డిగ్రీల దగ్గర 16 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు బుట్ట లాగి కుదుపుతాను. పది నిమిషాలకు తీసి చూస్తే జిగురు తీగలు ఎండిపోయి, అంచులు ముడుచుకుని, గింజలు కనిపిస్తుంటాయి. పదహారో నిమిషానికి చేతిలో వేసుకుని ఊపితే గలగలమంటాయి. అప్పుడు చిన్న మూకుట్లో రెండు టీస్పూన్ల నూనెతో ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు పోపు వేసి, ముక్కలు, ఉప్పు, కారం కలిపి దించేస్తాను. పోపు మాత్రం పొయ్యి మీదే. కరివేపాకు లోపల వేశానంటే ఫ్యాను గాలికి ఎగిరి కాయిల్ మీద పడి మాడుతుంది. కాబట్టి "ఒక్క గిన్నె కూడా కడగక్కర్లేదు" అనే మాట నమ్మకండి. బుట్టతో పాటు మూకుడు కూడా తోముకోవాల్సిందే.

దొండకాయ దీనికి కొంచెం మొండి. నిలువునా సన్నగా చీరి రెండు టీస్పూన్ల నూనె పడితేనే 22 నిమిషాలకి దారికొస్తుంది. నూనె లేకుండా చేసి చూశాను, నమిలేసరికి దవడలు నొప్పెట్టాయి. చామదుంపలు ఉడికించి, తోలు తీసి, శనగపిండి చల్లి 200 దగ్గర పన్నెండు నిమిషాలు పెడితే మాత్రం మూకుట్లో చేసినవాటికి తీసిపోవు. నిజానికి అంతకంటే బావుంటాయని నేనంటాను, అమ్మ ఒప్పుకోదు. కాకరకాయ చక్రాలు బ్రహ్మాండం. పచ్చడికి వంకాయ కాల్చడానికి 200 దగ్గర పాతిక నిమిషాలు చాలు, తొక్క చొక్కాలా ఊడొస్తుంది. గాట్లు పెట్టడం మర్చిపోవద్దు. కానీ నిప్పుల మీద కాల్చిన ఆ పొగ వాసన ఉండదు, అది కావాలంటే గ్యాసు మంటే గతి.

బంగాళాదుంప గురించి ఒక్క మాట. ముక్కలు అరగంట నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి పెట్టండి. పైన పిండి, చక్కెర కొంత వదిలిపోయి ముక్క కరకరలాడుతుంది. దుంపను 120 డిగ్రీలు దాటిన వేడిలో ఎర్రగా కాల్చినకొద్దీ ఆక్రిలమైడ్ అనే పదార్థం పెరుగుతుంది, అది ఒంటికి మంచిది కాదంటారు. నూనె లేనంత మాత్రాన ఆ గొడవ తప్పదు. బంగారు రంగు రాగానే ఆపేయడమే. దుంపల్ని ఫ్రిజ్‌లో దాచితే వాటిలో చక్కెర పెరుగుతుంది కాబట్టి అవి ఇంకా తొందరగా నల్లబడతాయి.

ఇక చేప. ఆదివారం హార్బర్ నుంచి కానగంతలు తెస్తాను. పసుపు, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం, ఒక చెంచా నూనె కలిపి పట్టించి అరగంట ఉంచి, 180 దగ్గర 13 నిమిషాలు పెడితే చాలు. కానగంతలో సహజంగానే కొవ్వు ఉంది కాబట్టి ఎండిపోదు, తోలు పెళుసుగా వస్తుంది. పెనం మీద తిప్పినప్పుడు విరిగినట్టు విరగదు. వంటింటి గోడల మీద చిట్లిన నూనె ఉండదు. ఇంతవరకు బావుంది. ఓ సోమవారం పాపకి స్నాక్స్ బాక్సులోకి అందులోనే పల్లీలు వేయించి పెట్టాను. సాయంత్రం బాక్సు అలాగే తిరిగొచ్చింది. "చేపల పల్లీలు ఎవరైనా తింటారా అండీ, కాయిల్ చూశారా అసలు?" అంది మా ఆవిడ. చూడలేదు. చేప చేసిన రోజు చల్లారాక మెషీన్‌ను వెల్లకిలా తిప్పి తడిగుడ్డతో కాయిల్ దగ్గర తుడవాలి, గిన్నెలో నిమ్మచెక్కలు, నీళ్ళు పోసి ఐదు నిమిషాలు నడపాలి. ఈ పని ఎవరు చేస్తారో కొనేముందే ఇంట్లో తేల్చుకోండి.

అసలు ఇబ్బంది సైజు. డబ్బా మీద 4 లీటర్లని ఉంటుంది, ఫొటోలో కోడి మొత్తం పట్టినట్టు చూపిస్తారు. ముక్కలు ఒక వరసలో, మహా అయితే వరసన్నరలో ఉంటేనే గాలి తగులుతుంది. బెండకాయలు 300 గ్రాములు దాటితే అడుగువి ఉడుకుతాయి, పైవి మాడతాయి. కానగంతలు నాలుగు పడతాయి. ఐదుగురికి చేప అంటే రెండు వాయిలు, మొదటి వాయి తినేవాళ్ళు తింటుంటే రెండోది తిరుగుతుంది. ఎప్పుడూ ఆ రెండో వాయి నాదే. లీటర్లు చూసి కొన్నాను, బుట్ట అడుగు ఎంత వెడల్పో చూసి కొనాల్సింది. నలుగురు దాటిన ఇంటికి 6 లీటర్లు, వెడల్పు బుట్ట. అంతకు తక్కువ వద్దు.

నూనె నిజంగా తగ్గిందా? కొన్నప్పటి నుంచి ప్యాకెట్లు లెక్కపెడుతున్నాను. ఇదివరకు నెలకి ఆరు లీటరు ప్యాకెట్లు, ఇప్పుడు నాలుగు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల భోజనానికి రోజుకు 27 గ్రాముల నూనె, కొవ్వు అని లెక్క వేసింది. ఐదుగురికి నెలకి 4 కేజీలు. ప్యాకెట్టులో ఉండేది దాదాపు 910 గ్రాములే కాబట్టి మేమిప్పుడు ఆ గీత లోపలే ఉన్నాం. కానీ మెచ్చుకోలు మొత్తం మెషీన్‌కి ఇవ్వను. మూకుడు పెట్టడం తగ్గాక, వేయించగా మిగిలిన నూనెను డబ్బాలో వంచి మళ్ళీ కూరల్లో వాడే అలవాటు కూడా పోయింది. నూనెను మళ్ళీ మళ్ళీ కాచినకొద్దీ పోలార్ కాంపౌండ్లు అనే చెడు పదార్థాలు పెరుగుతాయి, హోటళ్ళ నూనెలో అవి 25 శాతం దాటితే పారబోయాలని 2018 జులై నుంచి రూలుంది. మన ఇళ్ళల్లో ఆ డబ్బాని కొలిచేదెవరు? నాన్న కొలెస్ట్రాల్ అంటారా, ఆయన మాత్రలు కూడా వేసుకుంటున్నారు, ఏది ఎంత పనిచేసిందో నేను చెప్పలేను.

కరెంటు గురించి భయపడక్కర్లేదు. 1500 వాట్లు 20 నిమిషాలంటే అర యూనిట్, మధ్యలో కాయిల్ ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి ఇంకా తక్కువే. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా మూడు రూపాయల లోపు. భయపడాల్సింది ప్లగ్గు గురించి. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు. మిక్సీ పెట్టే మామూలు 6 ఆంపియర్ల సాకెట్లో మొదట్లో అడాప్టరు పెట్టి వాడాను. ఒకరోజు ప్లగ్గు తీయబోతే చెయ్యి కాలింది, సాకెట్టు అంచు పసుపెక్కి ఉంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి 16 ఆంపియర్ల పవర్ సాకెట్ వేయించాను. మీ ఖర్చు లెక్కలో అది కూడా కలుపుకోండి. కరెంటు పోతే మా ఇన్వర్టర్ మీద ఇది నడవదు.

ఏడాదిన్నరకి బుట్ట కోటింగ్ లేచింది. తప్పు సగం మాదే, పనమ్మాయికి చెప్పకపోతే ఆమె స్టీల్ పీచుతో రుద్దింది. మిగతా సగం కంపెనీది. రెండేళ్ళ వారంటీ అని పెద్ద అక్షరాలతో వేసి, కోటింగ్ దానిలోకి రాదని చిన్న అక్షరాలతో వేశారు. సర్వీస్ సెంటర్ చుట్టూ మూడుసార్లు తిరిగి చివరికి బుట్ట 1,400 పెట్టి కొన్నాను. అప్పటినుంచి స్పాంజి తప్ప ఏదీ తగలనివ్వను. నూనె స్ప్రే డబ్బాలు కూడా కొనకండి. వాటిలో నూనెతో పాటు కలిపే లెసిథిన్ అనే జిడ్డు పదార్థం మరకలా పేరుకుని కోటింగ్‌ను పాడుచేస్తుంది. రెండు వేళ్ళతో నూనె రాయడం చేతకాని వంటవాడు ఎవరున్నారు?

చిల్లర పనుల్లో దీనికి తిరుగులేదు. పల్లీలు 160 దగ్గర పది నిమిషాలు, ఒక్కటి కూడా మాడదు. నిన్నటి సమోసా, పార్శిల్ తెచ్చిన మిర్చిబజ్జీ నాలుగు నిమిషాల్లో మళ్ళీ కరకరలాడతాయి, మైక్రోవేవ్ వాటిని తడిగుడ్డలు చేస్తుంది. అప్పడం మాత్రం గాలికి లేచి కాయిల్‌కి తగిలి అంటుకుంది, వంటింటి నిండా పొగ. ఇప్పుడు పైన చిన్న స్టీల్ స్టాండ్ బోర్లించి పెడుతున్నాను.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: మీ ఇంట్లో వారానికి ఎన్ని రోజులు పొడి వేపుడు చేస్తారు? మూడు, అంతకు పైన ఉంటే కొనండి. ఎక్కువగా పులుసు కూరలూ పప్పులూ తినేవాళ్ళయితే, ఓవెన్ ఇప్పటికే ఉంటే, ఇద్దరే ఉండి రోజూ స్విగ్గీ అయితే, ఆ ఆరు వేలు దాచుకోండి. గారెలు గాలిలో వస్తాయన్న ఆశతో మాత్రం కొనొద్దు.

మొన్న సంక్రాంతికి అమ్మ మామూలుగానే పొయ్యి మీద మూకుడు పెట్టి అరిసెలు, జంతికలు వండింది. రెండు ప్యాకెట్లు అదనంగా తెచ్చాం, ఎవరం ఏమీ అనలేదు. వాటి మధ్యలో, నా వైపు చూడకుండా, "ఆ డబ్బా పెట్టరా, చిక్కీకి పల్లీలు వేయించాలి. ముందు చేప వాసన ఉందేమో చూడు" అంది.