కంటి రెప్పా, పెంటికల పరీక్షా?

దేవరకొండ వైపు వానలు పడి పచ్చిక మొలవగానే మేకల్లో నట్టలు పెరుగుతాయి. మందు తాగించే ముందు దేన్ని చూసి నిర్ణయించాలి?

నేను మొదట చూసేది కన్నే. కింది రెప్పను బొటనవేలితో మెల్లగా లాగి, లోపలి పొరను పగటి వెలుతురులో చూస్తాను. ఎర్రగా ఉంటే పర్వాలేదు. తెల్లగా పాలిపోతే రక్తం పీల్చే నట్టలున్నాయేమోనని అనుమానించాలి. దవడ కింద నీటి వాపు కూడా ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. దీనికి పైసా ఖర్చు లేదు. కానీ రక్తం తాగని నట్టల సంగతి రెప్ప చెప్పదు.

అక్కడ పెంటికల పరీక్ష కావాలి. నేల మీదవి ఏరకుండా, మేక వేస్తుండగానే డబ్బాలో పట్టి పశువుల దవాఖానలో ఇవ్వాలి. ఉప్పునీటిలో తేలిన గుడ్లను మైక్రోస్కోపుతో లెక్కపెడతారు. కార్జపు జలగ గుడ్లు బరువెక్కువ, సరిగా తేలవు. ఆ అనుమానం ఉంటే ముందే చెప్పాలి. లేత నట్టలు రక్తం తాగుతాయి గానీ గుడ్లు పెట్టవు. అందుకే పరీక్షలో ఏమీ లేదన్నా మేక పాలిపోయి ఉండొచ్చు.

రోజువారీకి నా ఓటు రెప్పకే. మందు పనిచేస్తోందా అన్న టెన్షన్ ఉంటే మాత్రం తాగించే రోజు ఒకసారి, 14 రోజులకు మళ్లీ పెంటికలు ఇచ్చి గుడ్లు తగ్గాయో లేదో చూపించుకుంటాను.