చీర కట్టుకుని పబ్బుకు వెళ్లేవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి వైపు పబ్బుల్లో పుట్టినరోజుకో పదోన్నతి విందుకో ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టబోతున్నవారు ఒక్క అయిదు నిమిషాలు ఆగండి. గత శుక్రవారం మేము అయిదుగురికి 7,500 రూపాయలు కట్టి, గుమ్మం దాకా వెళ్లి, విందు లేకుండా తిరిగి వచ్చాం. వదిన కట్టుకున్న చీర ఒక కారణం. అన్నయ్య వేసుకున్న తోలు చెప్పులు రెండోది. మా లెక్కలో మగవాడు ఒకరు ఎక్కువ కావడం మూడోది. డబ్బు తీసుకునేటప్పుడు ఈ మూడింటిలో ఒక్కటి కూడా చెప్పలేదు.

అన్నయ్యకు నలభై ఏళ్లు నిండిన సందర్భం. వదిన హనుమకొండలో బ్యాంకు ఉద్యోగి, ఆ సాయంత్రమే బస్సు దిగింది. బాబాయి కొడుకులు ఇద్దరు, అన్నావదినలు, నేను, మొత్తం అయిదుగురం. ఫోను యాప్‌లో మనిషికి 1,500 చొప్పున నేనే కట్టాను. ఆ మొత్తాన్ని లోపల తిండికీ పానీయాలకూ వాడుకోవచ్చని రాసి ఉంది. దుస్తుల గురించి ఉన్నవి రెండే మాటలు, స్మార్ట్ క్యాజువల్స్. శుభ్రంగా, మర్యాదగా ఉన్న బట్టలని అర్థం చేసుకున్నాను. మీరైనా అలాగే అనుకునేవారు. వదిన ముదురు ఎరుపు పోచంపల్లి పట్టుచీర కట్టుకుంది. అన్నయ్య లాల్చీ పైజామా వేసుకున్నాడు. నేను జీన్స్‌లో ఉన్నాను.

గుమ్మం దగ్గర బౌన్సరు నన్ను చూసి దారి ఇచ్చాడు, వదినను చూసి చేయి అడ్డం పెట్టాడు. "మేడం, మీరు వెళ్లండి. ఆ మేడం చీరలో ఉన్నారు, రాకూడదు" అన్నాడు. ఎక్కడ రాసి ఉందని అడిగితే మేనేజరు గారిని అడగమన్నాడు. పాతికేళ్లు కూడా ఉండవు ఆ అబ్బాయికి, తల వంచుకునే చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు, మీరూ అలాంటి చోట కోపం అతని మీద చూపకండి. ఆ నియమం పెట్టినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడరు.

మేనేజరు వచ్చాడు. "సంప్రదాయ దుస్తులకు అనుమతి లేదండి, మిగతా అతిథులకు ఇబ్బందిగా ఉంటుంది" అన్నాడు. వదిన నెమ్మదిగానే అడిగింది, "నా చీర వల్ల ఎవరికి ఏమి ఇబ్బంది బాబూ?" అని. యాజమాన్యం నిర్ణయమని తప్ప అతని దగ్గర జవాబు లేదు. తర్వాత అన్నయ్య కాళ్ల వైపు చూశాడు. మగవాళ్లు వేళ్లు కనబడే చెప్పులతో రాకూడదట. నా కాళ్లకు ఉన్నవీ వేళ్లు కనబడే చెప్పులే. ఆడవాళ్లకైతే పర్వాలేదట. చిన్న తమ్ముడి సంగతి ఆ తర్వాత తేలింది. ఇద్దరు ఆడవాళ్లం, ముగ్గురు మగవాళ్లు కాబట్టి వాడు జోడీ లేని మగవాడు, వాళ్ల భాషలో స్టాగ్. అందుకు ఇంకో 2,000 కట్టాలన్నారు. అక్కతో, అన్నలతో వచ్చిన ఇరవై నాలుగేళ్ల కుర్రవాడిని వాళ్లు చూసిన చూపు నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. కుదరదు, ఈ రాత్రికే చెల్లుతుంది, కావాలంటే మీరిద్దరూ లోపలికి వెళ్లి మొత్తం డబ్బుకూ తినేసి రండి అన్నారు. మేనేజరు పైవాడితో మాట్లాడవచ్చని ఆశపడి నేనూ పెద్ద తమ్ముడూ లోపలికి వెళ్లాం. అక్కడ ఉన్నది ఇరవై నిమిషాలు. మాట్లాడేవారు రాలేదు. వెయిటరు వచ్చి ఏమి కావాలని అడిగితే నేను ఒక బీరు చెప్పాను, తమ్ముడు బండి నడపాలి కాబట్టి నిమ్మ సోడా చెప్పాడు. వెయిటరు తెచ్చి, అడగకుండానే బీరు వాడి ముందు పెట్టాడు, సోడా నా ముందు పెట్టాడు. బిల్లు ఉన్న తోలు అట్టను కూడా వాడి చేతికే ఇచ్చాడు. చెల్లించిన ఫోను బల్ల మీద నా ముందే ఉంది. గ్లాసులు మార్చుకోవడం పెద్ద పని కాదు. కానీ బయట వదినను ఆపిన చేయి, లోపల గ్లాసును అటు జరిపిన చేయి ఒకే ఆలోచనతో కదిలాయని అప్పుడే నాకు అర్థమైంది. అక్కడికి వచ్చే ఆడమనిషి ఎలా కనబడాలో, ఏమి తాగాలో, ఆమె డబ్బు ఎవరు కట్టాలో వాళ్లు ముందే నిర్ణయించుకుని ఉన్నారు. మగవాడు ఆడతోడు లేకుండా వస్తే అనుమానించాలని కూడా నిర్ణయించుకున్నారు.

కారులో వదిన చాలాసేపు మాట్లాడలేదు. ఆమె పుట్టిల్లు జనగామ వైపు. కీసర దాటాక, "మా నాయనమ్మ కొంగు నడుముకు దోపుకుని ఈతవనంలో కూర్చుని మోదుగాకు దొప్పలో కల్లు తాగేది. పక్కనే మా తాత. ఊరంతా అక్కడే. చీర కట్టుకున్నావు, లేచి వెళ్లమని ఎవరూ అనలేదు" అంది. తెలంగాణ పల్లెల్లో పెరిగినవారికి ఇది కొత్త మాట కాదు. పెళ్లిలో, చావులో, పండుగలో కల్లు లొట్టి చుట్టూ ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే కూర్చుంటారు. బోనాలకు అమ్మవారికి పోసే సాకలో కల్లు ఉంటుంది. ఆ బోనం ఎత్తేది చీర కట్టుకున్న ఆడవాళ్లే. ఈ నేల మీద చీరకూ కల్లుకూ ఎన్నడూ పేచీ లేదు. ఆ పేచీ గాజు తలుపులతో పాటు వచ్చింది.

పబ్బు అనే మాట ఇంగ్లండుది కాబట్టి నియమాలు కూడా అక్కడివేనని, మనం సర్దుకోవాలని ఒక బంధువు ఫోనులో అన్నారు. వారికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. అక్కడ కూడా ఆడవాళ్లకు చిన్న గ్లాసు, మగవాళ్లకు పెద్ద గ్లాసు అనే అలవాటు చాలా కాలం నడిచింది. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో ఎల్ వినో అనే వైన్ బారులో ఆడవాళ్లు మగవాళ్లలా కౌంటరు దగ్గర నిలబడి తాగడానికి వీల్లేదు, వెనక బల్లల దగ్గర కూర్చుంటేనే పోసేవారు. టెస్ గిల్, అన్నా కూట్ అనే ఇద్దరు దాని మీద కోర్టుకు వెళ్లారు. 1975 నాటి లింగ వివక్ష చట్టం కింద 1982లో అప్పీలు కోర్టులో గెలిచారు. అక్కడివాళ్లు కోర్టులో పోరాడి వదిలించుకున్న పద్ధతిని ఇక్కడ మనం డబ్బిచ్చి కొనుక్కోవాలా?

మన దేశంలోనూ ఇలాంటివి జరిగాయి. 2014 జులైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంధామన్ పంచె కట్టుకుని వెళితే చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బులోకి రానివ్వలేదు. పంచె కట్టినవారిని అలా ఆపకూడదని తమిళనాడు శాసనసభ ఆగస్టులోనే చట్టం చేసింది. ఆ చట్టం హైదరాబాదుకు వర్తించదు. మన రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి వెళ్లడానికి కులం, మతం, లింగం వంటి కారణాలతో అడ్డు చెప్పకూడదంటుంది. అందులో బట్టల మాట లేదు. కాబట్టి గుమ్మం దగ్గర రాజ్యాంగం చదివితే తలుపు తెరుచుకుంటుందని నేను చెప్పను.

వినియోగదారుగా మాత్రం మన చేతిలో బలం ఉంది. డబ్బు తీసుకునే ముందు చెప్పని షరతును తర్వాత మన మీద రుద్దడం, సేవ అందించకుండా డబ్బు ఉంచుకోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయదగిన విషయాలు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. నేను ఆ రాత్రే యాప్‌లోని షరతుల పేజీ, చెల్లింపు రసీదు ఫొటో తీసి దాచాను. మర్నాటికి ఆ పేజీలో "సంప్రదాయ దుస్తులకు అనుమతి లేదు" అనే వాక్యం కొత్తగా చేరింది. ఫొటో లేకపోతే నా మాట ఎవరూ నమ్మేవారు కాదు. మీరు కూడా డబ్బు కట్టిన నిమిషంలోనే ఆ పేజీని ఫొటో తీసుకోండి.

మా బిల్లులో పది శాతం సర్వీసు చార్జీ కూడా ఉంది. దీన్ని తప్పనిసరిగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఆ మాట చెప్పగానే మారు మాట్లాడకుండా తీసేశారు. అడగనివారి దగ్గర ఎంత వసూలు చేస్తున్నారో! మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు, అది కూడా బిల్లులో చూసుకోండి.

ముందుగా ఫోను చేసి అడిగితే చాలని కొందరు అంటారు. చాలదు. ఫోనులో "అన్నీ ఓకే మేడం" అంటారు, గుమ్మం దగ్గర వేరే మనిషి ఉంటాడు. వాట్సాప్‌లో రాసి అడగండి. చీర, పంచె, లాల్చీ, చెప్పులు అని పేరుపేరునా అడగండి. ఆడవాళ్లు ఎందరు, మగవాళ్లు ఎందరు అన్నది కూడా రాసి, అదనపు సొమ్ము ఉందో లేదో రాతలోనే చెప్పమనండి. జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. ఆడవాళ్లకు ఉచితమని ప్రకటించే రాత్రుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నా స్నేహితురాలు ఒకసారి అలా వెళితే ఉచితంగా దొరికింది తియ్యటి కాక్‌టెయిల్ ఒక్కటే, అదీ ఒక గంట వరకే. ఆమెతో వచ్చిన మగ సహోద్యోగుల దగ్గర మాత్రం ప్రవేశానికే రెట్టింపు తీసుకున్నారు. ఆడవాళ్లను చూపించి మగవాళ్ల దగ్గర వసూలు చేసే ఆ పద్ధతిని నేను మర్యాద అనలేను.

ఈ రోజుకు మా ఫిర్యాదుకు సంఖ్య వచ్చింది. యాప్ వాళ్లు సగం డబ్బు కూపన్ల రూపంలో ఇస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. పూర్తి సొమ్ము వచ్చినా రాకపోయినా ఇక్కడే రాస్తాను.

వచ్చే నెల వదిన పుట్టినరోజు. అదే పోచంపల్లి చీర కట్టుకుంటానని, అందరం బయటే భోజనం చేయాలని పట్టుబట్టింది. ఇంట్లో పెద్దవాళ్లు చీరలో, పంచెలో వెళ్లి, తమకు నచ్చింది తాగి, ఎవరి చూపూ పడకుండా కూర్చుని వచ్చిన చోటు హైదరాబాదులో మీకు తెలిస్తే, మీరు స్వయంగా వెళ్లినదైతే, దయచేసి చెప్పండి.