ఇన్సులిన్ కొనేవాళ్లు జాగ్రత్త: సీసా 40 అయితే సిరంజీ కూడా 40దే కావాలి

మెడికల్ షాపులో "ఎర్ర మూతవి అయిపోయాయండీ, ఇవి తీసుకెళ్లండి, ఇవీ ఇన్సులిన్ సిరంజీలే" అని నారింజ మూతవి చేతిలో పెడితే, తిరిగి ఇచ్చేయండి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండింటిలోనూ పట్టేది 1 ఎం.ఎల్.లే. తేడా అంతా మీదున్న గీతల్లోనే. ఎర్ర మూతది 40 దగ్గర ఆగుతుంది, నారింజది 100 దాకా పోతుంది.

మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మామూలుగా ఇచ్చే 10 ఎం.ఎల్. సీసాలో ఒక్కో ఎం.ఎల్.కి 40 యూనిట్లు, అంటే సీసా మొత్తానికి 400. ఇన్సులిన్ పెన్నులో వేసే 3 ఎం.ఎల్. కార్ట్రిడ్జిలో ఎం.ఎల్.కి 100, మొత్తం 300. అలాగని సీసా కనబడగానే 40 అనుకోకండి. గ్లార్జిన్ లాంటి ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్‌లు 100 బలంతో సీసాల్లో కూడా వస్తాయి. లేబుల్ మీద మందు పేరు కింద 40 ఐయూ (అంటే యూనిట్లు) అనో 100 ఐయూ అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కౌంటర్ దగ్గరే కళ్లజోడు పెట్టుకుని అది చదవండి.

డాక్టరు 20 యూనిట్లు రాశారనుకుందాం. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 ఎం.ఎల్., అంటే 8 యూనిట్లే. పొడిచేది మాత్రం రోజూ పొడుస్తూనే ఉంటారు, షుగర్ దిగదు. "తీపి తింటున్నావు కదూ" అని ఇంట్లో అందరూ పేషెంటు మీద పడతారు. అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. షుగర్ దిగడం లేదని డాక్టరు డోసు 40కి పెంచుతారు. నారింజ సిరంజితో అది నిజానికి 16 యూనిట్లే. వచ్చే నెల షాపులో ఎర్ర మూతవి దొరుకుతాయి. అదే 40 గీత దాకా లాగితే ఈసారి నిజంగానే 40 యూనిట్లు ఒంట్లోకి పోతాయి. తెల్లారేసరికి షుగర్ బాగా పడిపోయి మనిషి చెమటతో తడిసి, పిలిస్తే పలకని స్థితిలో ఉండొచ్చు.

తిరగేస్తే ఇంకా ఘోరం. 100 బలమున్న మందును ఎర్ర సిరంజితో 20 గీత దాకా లాగితే 0.5 ఎం.ఎల్. వస్తుంది, అంటే 50 యూనిట్లు. పెన్ను చెడిపోయిందని కార్ట్రిడ్జిలోకి సిరంజి గుచ్చి లాగేవాళ్లకు జరిగేది ఇదే. ఆ పని ఎప్పుడూ చేయొద్దు.

అమెరికా నుంచి పిల్లలు సన్నసూదులని సిరంజీలు మోసుకొస్తుంటారు. అక్కడ మనుషులకు మామూలుగా వాడేవి 100వి, 40వి కుక్కలకు, పిల్లులకు ఇచ్చే ఇన్సులిన్‌కు. ఇక్కడి 40 సీసాకు అవి పనికిరావు. అలాగే ఇక్కడినుంచి సీసాలు పట్టుకుని అక్కడికి వెళ్లే పెద్దవాళ్లు, ఉండే రోజులకు సరిపడా ఎర్ర మూత సిరంజీలు కూడా పెట్టుకోవాలి.

ఇప్పటిదాకా తప్పు సిరంజి వాడారని తేలితే, 2.5తో గుణించో భాగించో మీరే డోసు సర్దకండి. సీసా, సిరంజి రెండూ పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. వణుకు, చెమట, తికమక మాటలు ఉండి షుగర్ మీటరులో 70 కన్నా తక్కువ చూపిస్తే 3 టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి. వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు పంచదార త్వరగా ఒంటబట్టదు, గ్లూకోజు పొడే ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. మోతాదు ఎక్కువ పడిందని తెలిస్తే, పంచదారతో తేరుకున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ కొన్ని గంటల తర్వాత మళ్లీ షుగర్‌ను పడదోస్తుంది.

పార్సిల్‌లో తెప్పించుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. సీసా ఐసు ముద్దకు ఆనుకుని వస్తే తీసుకోకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనబడొచ్చు గానీ నమ్మకంగా పనిచేయదు. తెల్లగా ఉండే 30/70 రకాన్ని (త్వరగా పనిచేసేదీ, ఎక్కువసేపు పనిచేసేదీ కలిపిన ఇన్సులిన్) అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, 10 సార్లు తలకిందులు చేసి చూడండి. పాలలా కలిసిపోవాలి. గాజుకు తెల్లపొడి అంటుకున్నా, ముక్కలు తేలినా వాపసు ఇచ్చేయండి.

ఇంట్లో ఇప్పటికే రెండు రంగుల మూతలూ ఉంటే, మీ సీసాకు సరిపోనివి ఈరోజే తీసేయండి. కరెంటు పోయిన రాత్రి చీకట్లో చేతికి ఏది తగిలితే అదే వాడేస్తారు.