రెండు సీనియారిటీ జాబితాలను ఒక్కటి చేసే మధ్యవర్తిత్వం: రెండు తీర్పుల సమీక్ష

విమానయాన సంస్థలు రెండు ఏకమైనప్పుడు, ఉమ్మడి సీనియారిటీ జాబితాలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది పైలట్లు తమలో తాము తేల్చుకోలేకపోతే తటస్థ మధ్యవర్తిని ఆశ్రయించడం అమెరికాలో స్థిరపడిన పద్ధతి. రెండు జాబితాలు అప్పగిస్తే ఒక్కటి తిరిగి చేతికి వస్తుంది. ఈ సేవ నాణ్యతను అంచనా వేయడానికి రెండు తీర్పులు తీసుకున్నాను: యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ అనే రెండు సంస్థలు కలిసినప్పుడు వాటి పైలట్ల విషయంలో 2007లో జార్జ్ నికొలావ్ ఇచ్చినది ఒకటి, అదే యూఎస్ ఎయిర్‌వేస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనమైన తరువాత 2016లో ముగ్గురు మధ్యవర్తుల బృందం ఇచ్చినది మరొకటి.

పైలట్ ఉద్యోగంలో ఆ జాబితాలోని అంకె తేల్చనిది బహు తక్కువ. కెప్టెన్ సీటు ఎప్పుడు దక్కుతుంది, ఏ విమానం నడపాలి, సెలవులు ఏ నెలలో దొరుకుతాయి, ఉద్యోగాలకు కోత పడితే ముందుగా ఎవరు ఇంటికి వెళ్ళాలి అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి.

నికొలావ్ పనితనంలో తర్కానికి లోటు లేదు. పెద్ద విమానాలు నడిపే సుమారు 500 మంది 'తూర్పు' పైలట్లను, అంటే పాత యూఎస్ ఎయిర్‌వేస్ వారిని, జాబితా తలన ఉంచారు. విలీనం నాటికి పని లేక ఇంట్లో ఉన్న సుమారు 1,700 మందిని అడుగుకు చేర్చారు. మధ్యవారిని ఇరుపక్షాల నుంచి నిష్పత్తి ప్రకారం అల్లారు. తూర్పువారు కోరిన నియామక తేదీ సూత్రం, అంటే ముందు చేరినవాడే ముందు అన్నది, వినడానికి సొంపుగా ఉంటుంది కానీ, ఏళ్ల తరబడి కొత్తవారిని తీసుకోని సంస్థలో సహ పైలట్‌కు సైతం సర్వీసు ఎక్కువే ఉంటుంది కాబట్టి, ఆ లెక్కన అవతలి సంస్థ కెప్టెన్ అతని వెనక్కు జారిపోతాడు. అయితే విలీనం నాటి స్థితికి అంత బరువిచ్చిన మధ్యవర్తి, ఎన్నో ఏళ్లు పనిచేసి ఇంటికి వెళ్ళినవాణ్ణి నిన్నగాక మొన్న చేరిన 'పశ్చిమ' పైలట్, అంటే అమెరికా వెస్ట్ వాడి, వెనుక నిలబెట్టడం నాకు మింగుడుపడలేదు. ఆ సర్వీసుకు కొంతైనా విలువ కట్టవలసింది.

ఫలితం అందరికీ తెలిసినదే. తూర్పువారు 2008లో పైలట్ల పాత కార్మిక సంఘాన్ని ఓటుతో తొలగించి కొత్తది పెట్టుకున్నారు, కోర్టు వ్యాజ్యాలు 2015 దాకా సాగాయి, ఆ జాబితా ఒక్కరోజు కూడా అమలు కాలేదు. అమలు కాని తీర్పు ఎంత చక్కగా రాసినా కొన్నవాడికి సరుకు అందనట్టే. దీనికి అయిదింట రెండున్నర ఇస్తాను.

2016 నాటి బృందం సర్వీసు కాలాన్నీ, సీటు హోదానూ రెంటినీ తూకంలో వేసింది. అప్పటికి 2007 నాటి మెకాస్కిల్-బాండ్ చట్టం ఉంది. 2001లో టీడబ్ల్యూఏ అనే విమానయాన సంస్థను అమెరికన్ కొన్నాక అక్కడి పైలట్లలో అనేకులు జాబితా అడుగున పడటమే దాని పుట్టుకకు కారణం. ఆ చట్టం జాబితాల విలీనం న్యాయంగా, సమంగా జరగాలంటుందే గానీ సూత్రం చెప్పదు, అందువల్ల తూకం బాధ్యతంతా మధ్యవర్తులదే. ఈ జాబితా అమలైంది. 2013 డిసెంబరులో సంస్థలు కలిస్తే జాబితా రావడానికి 2016 సెప్టెంబరు అయింది. ఆ జాప్యానికి ఒకటి తగ్గించి నాలుగు ఇస్తున్నాను.